ఐటీఐ కుర్చీలో బీటెక్: మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఒక కేసు

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు మిర్చి సీజన్ అంటే ఫిబ్రవరి నుంచి మే దాకా. ఆ నాలుగు నెలల్లో ఆఫీసు మనిషి ఒక్కడు మానేస్తే జరిగే నష్టం, మిగతా ఎనిమిది నెలల్లో ముగ్గురు మానేసినా జరగదు. ఈ కేసులో పద్నాలుగు నెలల్లో మెషిన్ రూం నుంచి ముగ్గురు బీటెక్‌లు వెళ్లిపోయారు. వాళ్లలో ఒకరు పోయింది మార్చి నడిమధ్యలో, గేటు బయట బండ్లు బారులు తీరి ఉన్నప్పుడు. సేటు తీర్పు ఒక్క ముక్కలో తేలిపోయింది: "ఎక్కువ సదివినోళ్లను పెట్టుకుంటే గిట్లనే ఉంటది."

ఒకే తరహా యూనిట్లలో కనిపించిన పరిస్థితుల్ని ఒక్కచోట పేర్చి, ఎవరినీ గుర్తుపట్టకుండా హోదాలూ అంకెలూ మార్చి రాసిన కేసు ఇది. తెలిసింది మాత్రం సేటు తీర్పుకు కొంచెం పక్కగా ఉంది. చదువు ఎక్కువవడం వల్ల మనుషులు పోలేదు. ఆ చదువుతో ఏదైనా కనిపెడితే దాన్ని చెప్పడానికి చోటు లేక, చెప్పినా నిర్ణయం చేతిలో లేక పోయారు. ఈ రెండూ ఒకటే అనుకుంటే మందు తప్పుతుంది. ఇక్కడ ఒకటి కాదు, నాలుగు సార్లు తప్పింది.

ఉన్న మనుషులు, ఉండాల్సిన చదువులు

హమాలీలు, దడ్వాయిలు (తూకం వేసేవాళ్లు) వేరు, వాళ్లది బస్తా లెక్క. నెల జీతం మీద ఉన్నవాళ్లు పదకొండు మంది. మెషిన్ రూంలో నలుగురు ఆపరేటర్లు, అంటే మూడు షిఫ్టులకు ముగ్గురు, రిలీవర్ ఒకరు. గేటు ఎంట్రీ, కాంటా దగ్గర ముగ్గురు. నిల్వ పెట్టిన సరుకుకు రైతు పేరనో, అడ్తి (కమీషన్ ఏజెంటు) పేరనో బాండ్, అంటే నిల్వ రసీదు, రాసే టేబుల్ దగ్గర ఇద్దరు. సూపర్‌వైజర్లు ఇద్దరు. మెషిన్ రూంకు ఐటీఐలో ఫ్రిజ్-ఏసీ ట్రేడు చాలు. గేటుకు ఇంటర్ చాలు. బాండ్ల టేబుల్‌కు ఇంటర్‌తో పాటు కంప్యూటర్ చేతికి అలవాటై ఉంటే సరిపోతుంది.

పరిశీలన నాటికి మెషిన్ రూంలో ఇద్దరు మెకానికల్ బీటెక్‌లు, గేటు దగ్గర ఒక ఎమ్మెస్సీ, ఒక బీఈడీ, బాండ్ల దగ్గర ఒక ఎంకాం, ఒక ఎంబీఏ ఉన్నారు. పదకొండులో ఆరుగురు పనికి మించిన చదువువాళ్లే. జీతాలు పదమూడు వేల నుంచి పద్దెనిమిది వేల లోపు.

ఇంతమంది ఎందుకొచ్చారన్నది ఇక్కడ ఎవరికీ వింత కాదు. 2022 డిసెంబరులో వచ్చిన తెలంగాణ గ్రూప్-4 నోటిఫికేషన్‌లో పోస్టులు ఎనిమిది వేల పైచిలుకు, దరఖాస్తులు తొమ్మిదిన్నర లక్షలకు పైగా. నోటిఫికేషన్‌కూ నోటిఫికేషన్‌కూ మధ్య ఇంటి అద్దె, బస్ పాస్, టెస్ట్ సిరీస్ ఫీజు ఎక్కడినుంచో రావాలి కదా. సేటుకేమో అదే జీతానికి పెద్ద చదువు దొరుకుతోంది. రెండు వైపులా లాభంగానే కనిపిస్తుంది. అందుకే ఇంటర్వ్యూలో ఇద్దరూ తలా ఒక అబద్ధం ఆడతారు. "ముందు ముందు మేనేజర్‌ను చేస్తం" అని ఇతను, "పరీక్షలు మానేసిన సార్, ఇక్కడే ఉంట" అని అతను.

ఆర్థికవేత్తలు డంకన్, హాఫ్‌మన్ 1981లో చూపించిన ఒక సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. పనికి కావలసిన దానికి మించి చదివిన ప్రతి ఏడాదికీ జీతంలో కొంత ఫలితం వస్తుంది, కానీ పనికి కావలసిన చదువు ఏడాదికి వచ్చినంత రాదు. ఈ స్టోరేజీలో ఆ 'కొంత' కూడా సున్నా. బీటెక్‌కూ ఐటీఐకీ ఒకే జీతం. అది తప్పని చెప్పడం కాదిది. ఆ సున్నాను జీతం పెంచి పూడ్చాలని చూస్తే ఏమైందో కింద ఉంది.

కొలిచిన పద్ధతి

సర్టిఫికెట్లు ముందు పెట్టుకుని కొలవడం మొదలుపెడితే అందరూ 'ఎక్కువ' గానే తేలతారు. అందుకని ముందు పనిని కొలిచారు. ఏడు రోజులు, ప్రతి షిఫ్టుకూ ఒక కాగితం, అరగంటకొక గడి. ఆ అరగంటలో ఏం చేశావు, ఏదైనా తేల్చుకోవాల్సి వచ్చిందా, ఎవరిని అడిగావు. ఎనిమిది గంటల మెషిన్ రూం షిఫ్టులో బుర్ర పెట్టాల్సిన పని గంట కూడా లేదని తేలింది. మిగతాదంతా గంటకోసారి ప్రెషర్లు, ఛాంబర్ టెంపరేచర్లు రాయడం, ఆయిల్ చూడటం, డీఫ్రాస్ట్ (పేరుకున్న మంచు కరిగించడం), తుడవడం. బాండ్ల టేబుల్ సంగతి ఇంకా ఘోరం. అదే బరువును కాంటా చిట్టీ చూసి రిజిస్టర్‌లో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి, బాండ్ మీద ఒకసారి, మొత్తం మూడుసార్లు రాస్తున్నారు.

తర్వాత మనుషులను అడిగారు. 'సంతృప్తిగా ఉన్నావా' అన్న ఒక్క ప్రశ్నతో ఏమీ తేలదు. 1969 నుంచి వాడుకలో ఉన్న జాబ్ డిస్క్రిప్టివ్ ఇండెక్స్ ఉద్యోగ సంతృప్తిని పని, జీతం, ఎదుగుదల, పైఅధికారి, తోటివాళ్లు అని ఐదుగా విడదీస్తుంది. ఇక్కడా అలాగే విడదీసి అడిగారు. వాటికి తోడు మూడు వాక్యాలు: నా చదువు లేనివాళ్లు కూడా ఈ పని ఇంతే బాగా చేయగలరు, నాకు తెలిసింది ఇక్కడ వాడే సందర్భం రాదు, నేను చెప్పింది ఎవరూ పట్టించుకోరు. పదకొండు మంది ఉన్నచోట పేరు రాయొద్దని చెప్పి లాభం లేదు, చేతిరాత చూస్తేనే మనిషి తెలిసిపోతాడు. కాబట్టి టిక్కులు మాత్రమే పెట్టించి, బయటి మనిషి చేత పోగు చేయించి, పోస్టుల వారీగా విడగొట్టకుండా సేటుకు చూపించారు. విడిగా మాట్లాడిన మాటలు విడిగానే ఉంచారు.

ఇక్కడే ఒక తేడా బయటపడింది. గేటు దగ్గరి ఎమ్మెస్సీకి కాగితం మీద చదువు ఎక్కువే, మనసులో మాత్రం ఆ బాధ లేదు. ఇల్లు పక్క ఊళ్లో, పొద్దున పొలం చూసుకుని పది గంటలకు వస్తాడు, ఈ ఉద్యోగం అతని రోజుకు అతుకుతుంది. అతనిలాగే పీజీ చదివిన ఎంబీఏకు మాత్రం పని అంటేనే విసుగు. కాగితం మీది ఎక్కువ వేరు, మనిషికి అనిపించే ఎక్కువ వేరు. పని చెడేది రెండోదాని వల్ల.

లాగ్ బుక్కు దగ్గర జరిగింది

మెషిన్ రూం గొడవ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే కేసు మొత్తం ఆ ఒక్క రిజిస్టర్‌లో ఉంది.

కొత్తగా చేరిన బీటెక్ రెండో వారంలోనే గమనించాడు, మధ్యాహ్నం పూట కంప్రెసర్ డిశ్చార్జి ప్రెషర్ ఉండాల్సిన దానికంటే పైకి పోతోందని. చల్లదనం కోసం మెషిన్లలో తిరిగే అమ్మోనియాకు 35 డిగ్రీల దగ్గర గేజీ దాదాపు 12.5 బార్ చూపాలి. కండెన్సర్ నుంచి దిగే లిక్విడ్ లైన్ 35 దగ్గరే ఉంది, గేజీ మాత్రం 14 చూపుతోంది. మిగతా ఒకటిన్నర బార్ అమ్మోనియాది కాదు, లోపల చేరిన గాలిది. గాలి ఉంటే కంప్రెసర్ ఎక్కువ కష్టపడుతుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది. లాగ్‌లో రిమార్కు రాయబోతే రాయడానికి గడి లేదు. పక్కన మార్జిన్‌లో రాశాడు.

పంతొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్న సీనియర్ ఆపరేటర్ ఐటీఐ. అతనికి ఏ టెంపరేచర్‌కు ఎంత ప్రెషర్ అని చెప్పే టేబుల్ అక్కర్లేదు, పైపు మీద చెయ్యి పెట్టి, మోటారు శబ్దం విని చెప్తాడు. గాలి చేరిందని అతనికీ తెలుసు, సీజన్ మొదలయ్యే ముందు ఒకేసారి తీయడం అతని అలవాటు. మార్జిన్‌లో రాత చూసి అన్నది ఇదీ: "బీటెక్ సదివినవ్ కావచ్చు తమ్మీ, గా వాల్వుకు నీ సర్టిఫికెట్ ఎరుక లేదు." కుర్రాడు, "ఎరుక లేకుంటే లేదన్నా, ప్రెషర్ అయితే తప్పే చూపిస్తాంది," అన్నాడు. ఇద్దరిదీ నిజమే. సూపర్‌వైజర్ దగ్గరికి పోతే, "అంకెలు నింపు, కథలు రాయకు," అని వచ్చింది జవాబు.

నాలుగు నెలల తర్వాత అదే కుర్రాడి రాత్రి షిఫ్టు పేజీ చూస్తే గంట గంటకూ ఒకే అంకె, ఒకే పెన్ను, ఒకే ఒరవడి. పొద్దున ఆరింటికి కూర్చుని ఎనిమిది గంటలదీ ఒకేసారి నింపేశాడు. బద్ధకస్తుడని సేటు ఫిర్యాదు. బద్ధకం అయితే మొదటి వారం నుంచే ఉండేది. చూసింది చెప్పినా ఫలితం లేదని తేలాక చూడటం మానేశాడు, అంతే. అమ్మోనియా లాంటి విషవాయువు ఉన్న చోట రాసిన రీడింగ్ చూసిన రీడింగ్ కాకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

సేటు ముందుగా వేసిన నాలుగు మందులు

మొదటిది, బీటెక్‌లకు మాత్రమే నెలకు పదిహేను వందలు పెంచడం. వాళ్లు పనిని ప్రేమించడం మొదలుపెట్టలేదు గానీ, పంతొమ్మిదేళ్ల సీనియర్ మాట్లాడటం మానేశాడు. ఉన్న అసంతృప్తి పోలేదు, లేనిచోట పుట్టింది. మనిషి తన జీతాన్ని పక్కవాడి జీతంతో పోల్చి చూసుకుంటాడు. పదిహేను వందలు ఎక్కువా తక్కువా అన్నది తర్వాతి సంగతి.

రెండోది 'అసిస్టెంట్ మేనేజర్' అన్న బోర్డు. ఐడీ కార్డు మారింది, వంద రూపాయల గాస్కెట్ కొనాలన్నా సేటుకు ఫోన్ చేయడం మారలేదు. అధికారం లేని హోదా మామూలు హోదా కన్నా చేటు. ఇంట్లో, ఊళ్లో మేనేజర్‌నని చెప్పుకున్నాక, పనిలో ఫోన్ చేసి అడగాల్సి వచ్చిన ప్రతిసారీ అది గుచ్చుకుంటుంది.

మూడోది ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టడం, దాంతో పాటు యాభై వేలకు సంతకం చేసిన చెక్కు. ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్పాలి. ప్రైవేటు యజమాని ఒరిజినల్స్ ఆపుకోవడానికి ఏ చట్టమూ అధికారం ఇవ్వదు. మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలన్న ఉద్యోగ బాండ్ సంగతికొస్తే, 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు పెట్టిన రెండు లక్షల బాండ్‌ను సమర్థించిన మాట నిజమే. అక్కడ బహిరంగ నియామక ప్రక్రియకు బ్యాంకు పెట్టిన ఖర్చు, మళ్లీ నియమించుకోవడంలోని కష్టం లెక్కలోకి వచ్చాయి. నాలుగు రోజుల శిక్షణతో పదిహేను వేల జీతానికి పెట్టుకున్న మనిషి దగ్గర యాభై వేలు అడిగితే, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద సమంజసమైన నష్టపరిహారం ఎంతో యజమాని చూపించుకోవాల్సి వస్తుంది. పైగా ఒరిజినల్స్ అడుగుతారని తెలిశాక మంచివాళ్లు చేరనే లేదు. చేరినవాళ్లు నోటీసు ఇవ్వకుండా పోయారు, ఎందుకంటే నోటీసు ఇస్తే బేరం మొదలవుతుందని వాళ్లకు తెలుసు. మార్చిలో చెప్పకుండా పోయిన మనిషి ఈ బీరువా నుంచి పుట్టినవాడే.

నాలుగోది, 'ఇకనుంచి డిగ్రీవాళ్లే వద్దు' అన్న నిర్ణయం. 2020లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు ప్యూన్ ఉద్యోగం కేసులో డిగ్రీ దాచి చేరిన వ్యక్తికి సుప్రీంకోర్టు ఉద్యోగం నిలబెట్టలేదు. డిగ్రీ ఉండకూడదని ప్రకటనలోనే ఉంది, అతను దాచాడు. అలాంటి నియమం పెట్టడం సాధ్యమేనని ఈ కేసు చూసి సేటుకు ధైర్యం వచ్చింది. కానీ బ్యాంకుకు ప్రకటన, దరఖాస్తు, పరిశీలన అన్నీ ఉంటాయి. ఇక్కడ బయోడేటా నుంచి ఒక లైను తీసేస్తే చాలు. రెండు నెలల్లో చేరిన 'ఇంటర్' కుర్రాడు ఒకరు ఫోన్‌లో ఇంగ్లీషు వ్యాసాలు చదువుతుంటే పట్టుబడ్డాడు, డిగ్రీ ఫైనలియర్ పాసై ఉన్నాడు. మనిషి అదే, ఇప్పుడు దాచుకోవాల్సిన భయం కూడా తోడైంది.

మార్చినవి

జీతం మొదట సరిచేశారు. పోస్టుకు ఒకే జీతం, చదువుకు ఏమీ లేదు. చదువు వాడి అదనపు పని చేస్తే ఆ పనికి విడిగా డబ్బు. మెషిన్ రూంలో ఒక బీటెక్‌కు ఎన్పీడీసీఎల్ (ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ) కరెంటు బిల్లు అప్పగించారు. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌లో నమోదైన గరిష్ఠ డిమాండ్, లేదా ఒప్పందం చేసుకున్న డిమాండ్‌లో 80 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డిమాండ్ ఛార్జీ పడుతుంది. రెండు కంప్రెసర్లు ఒకేసారి స్టార్ట్ చేయకుండా చూడటం, పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) మీద కన్నేసి ఉంచడం, నెలాఖరుకు ఒక పేజీ రాసివ్వడం. దీనికి నెలకు పన్నెండు వందలు. ఈ పని ఐటీఐ సీనియర్ చేస్తానన్నా ఇవ్వాలి అని రాసిపెట్టారు. అతను వద్దన్నాడు, కానీ అడిగినందుకు మాట కలిపాడు.

ఇలా కలుపుకుంటూ పోయేటప్పుడు ఒక లెక్క చూసుకోవాలి. నెల వేతనం 21,000 దాటితే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) పోతుంది. ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి అన్న చందా కాలాల మధ్యలో దాటితే ఆ కాలం ముగిసేదాకా కొనసాగుతుంది, ఆ తర్వాత ఉండదు. చిన్న పిల్లలున్న ఆపరేటర్‌కు అదనపు వెయ్యి కన్నా ఈఎస్ఐ ఆసుపత్రి విలువైనది కావచ్చు. అడగకుండా పెంచొద్దు.

లాగ్‌లో ప్రతి షిఫ్టుకూ ఒక కొత్త గడి వచ్చింది: 'మామూలుగా లేనిది ఏమిటి'. రాసినవాడి పక్కన సీనియర్ సంతకం, 24 గంటల్లో సూపర్‌వైజర్ జవాబు. జవాబు 'సీజన్ అయ్యాక చూద్దాం' అయినా సరే, రాసి ఉండాలి. గాలి తీయడం ఇద్దరూ కలిసి చేసే పని అయింది. గాలి బయటికి వదిలే పర్జ్ వాల్వుకు గొట్టం తగిలించి రెండో కొన నీళ్ల బకెట్‌లో ముంచుతారు. గాలైతే బుడగలు పైకి తేలతాయి, అమ్మోనియా అయితే నీళ్లలో కలిసిపోతూ చిటపటమంటుంది. చిటపట మొదలవగానే వాల్వు కట్టేయాలి. ఎప్పుడు తీయాలన్నది టేబుల్ చెప్తుంది, ఎంత తిప్పాలన్నది సీనియర్ చెయ్యి చెప్తుంది. ఒంటరిగా ఎవరూ తిప్పొద్దు.

నిర్ణయాలకు రూపాయి హద్దు పెట్టారు. గాస్కెట్, గ్లాండ్ ప్యాకింగ్ లాంటివి రెండు వేల దాకా అడగకుండా కొనొచ్చు, బిల్లు మరుసటి రోజు చూపాలి. గేటు ఎమ్మెస్సీకి తేమ మీటరు ఇచ్చి, 11 శాతం దాటిన లాటును ఆపి ఎండబెట్టించే అధికారం ఇచ్చారు. తేమ బస్తా లోపలికి పోతే బూజు పడుతుంది, తేజ రకం మిర్చి అయినా చపాట రకం అయినా రంగు మాడుతుంది, ఆరు నెలల తర్వాత తిట్లు స్టోరేజీకి వస్తాయి.

ఇంటర్వ్యూలో 'ఎన్నాళ్లుంటావ్' అని అడగడం మానేశారు, అది అబద్ధాన్ని పిలిచి తెచ్చే ప్రశ్న. 'ఏ పరీక్ష రాస్తున్నావ్, ఎప్పుడు' అని అడుగుతారు. ఒప్పందం కూడా మారింది. ఫిబ్రవరి-మేలో సెలవు అడగొద్దు. జూన్ నుంచి జనవరి లోపు పరీక్షకు పదిహేను రోజులు, అందులో ఐదు జీతంతో. సీజన్ పూర్తిచేస్తే జూన్ మొదటి వారంలో సగం నెల జీతం అదనం. బీరువాలోని ఒరిజినల్స్ ఎవరివి వాళ్లకు ఇచ్చేశారు. ప్రతి పోస్టుకూ రెండు పేజీల అప్పగింత కాగితం, వాల్వుల ఫొటోలతో, మానేసే మనిషి కాదు, చేరిన మనిషి రెండో నెలలో రాయాలి. పోయేముందు రాయమంటే ఎవడూ సరిగా రాయడు.

ఏది నిలిచింది, ఏది చెడింది

తర్వాతి సీజన్‌లో మెషిన్ రూం నుంచి మధ్యలో ఎవరూ పోలేదు. ఒక బీటెక్‌కు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది, ముప్పై రోజుల ముందే చెప్పి, కాగితం అప్పగించి, సగం నెల బోనస్ తీసుకుని జూన్‌లో వెళ్లాడు. దీన్ని వైఫల్యం కింద రాసుకోకూడదు. అలాంటి మనిషిని ఉంచేయడం సాధ్యం కాదు, చెప్పి వెళ్లేలా చేయడం సాధ్యం. ఎర్డోగన్, బావర్ 2009లో టర్కీలోని ఒక బట్టల దుకాణాల సంస్థలో, 25 దుకాణాల్లో 244 మంది మీద చేసిన అధ్యయనంలో, పనికి మించిన అర్హత ఉందనుకున్న సేల్స్ సిబ్బంది అమ్మకాల్లో వెనకబడలేదు, మెరుగ్గానే ఉన్నారు. వాళ్ల అసంతృప్తినీ, మానేయాలన్న ఆలోచననూ తగ్గించింది పనిలో స్వేచ్ఛ ఉందన్న భావన. బట్టల దుకాణానికీ అమ్మోనియా ప్లాంటుకూ పోలిక లేదు గానీ, లాగ్‌లోని కొత్త గడి చేసింది ఆ పనే.

గేటు దగ్గర మాత్రం దెబ్బతింది. తేమ మీటరు పెట్టిన రెండో రోజే ఒక పెద్ద అడ్తి తాలూకు లాటు ఆగింది. అడ్తిదారు నేరుగా సేటుకు ఫోన్ చేశాడు, సేటు గేటుకు ఫోన్ చేసి లోపలికి పంపమన్నాడు. అంతే, ఆ సీజనంతా మీటరు సొరుగులోనే ఉంది. ఇచ్చిన అధికారాన్ని అందరి ముందూ వెనక్కి తీసుకోవడం కన్నా మొదట్లోనే ఇవ్వకపోవడం మేలు. మళ్లీ ఇచ్చేటప్పుడు సేటు చేత ముందే రాయించారు: ఆపిన లాటును పంపించాలంటే ఫోన్ చాలదు, సేటు గేటుకొచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. తర్వాత సేటు రెండుసార్లు వచ్చి సంతకం పెట్టాడు. మూడోసారి అడ్తిదారునే ఎండబెట్టుకోమన్నాడు.

బాండ్ల టేబుల్ దగ్గర ఏం చేసినా కుదరలేదు. మూడుసార్లు రాసేది ఒకసారికి తగ్గించారు, కాంటా నుంచి బరువు నేరుగా కంప్యూటర్‌లోకి వెళ్తోంది. దాంతో పని ఇంకా తగ్గింది, ఎంకాం విసుగు ఇంకా పెరిగింది. ఆ టేబుల్‌లో బుర్రకు పని చూపించే చోటే లేదు. అలాంటి పోస్టుకు పెద్ద చదువు తీసుకోవడం ఇద్దరికీ నష్టమే. అక్కడ ఖాళీ వచ్చాక ఈసారి ఇంటర్ పాసై, టైపింగ్ వచ్చిన పక్క ఊరి అమ్మాయిని తీసుకున్నారు. మొదటి నెల తప్పులు ఎక్కువే వచ్చాయి, రెండో నెలకు ఎంకాం స్థాయికి చేరింది.

తెగనిది ఒకటుంది. సీనియర్ ఆపరేటర్ ఇంకో రెండేళ్లలో దిగిపోతాడు. ఆ కుర్చీ మిగిలిన బీటెక్‌కా, పదేళ్లుగా హెల్పర్‌గా ఉన్న మనిషికా అన్నది సేటు చెప్పలేదు, అడిగితే "చూద్దాం" అంటున్నాడు. మెషిన్ రూంలో ఆ ఇద్దరూ ఇప్పటికీ లాగ్‌లో ఒకరి రాత పక్కన ఒకరు సంతకం పెడుతున్నారు. ఈ మధ్య హెల్పర్ సంతకం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పడుతోంది.